కాయిదం ఇయ్యమను

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఏజెన్సీ మళ్లీ మారింది. కొత్తగా వచ్చిన గార్డు బీదర్ వైపు మనిషి, కుతూహలం కాస్త ఎక్కువ. మొన్న నేను కార్డు చూపించి లోపలికి పోతుంటే ఆపి, "సార్, మీరు రోజూ వచ్చేటప్పుడు ఆ కెమెరాకు టిఫిన్ డబ్బా ఎందుకు చూపిస్తరు?" అని అడిగాడు. అలా చూపిస్తున్నానని నాకే తెలియదు. అతను చెప్పాక చూసుకుంటే, నిజమే, నా చెయ్యి ఇంకా సగం పైకి లేచే ఉంది. అలవాటులే అని నవ్వేసి లోపలికి వెళ్లాను గానీ ఆ పూటంతా పని మీద మనసు నిలవలేదు. ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి ఇంకా ఎన్నో రోజులు కాలేదు.

ఆమె మా ఇంటి ఓనరు. జహీరాబాదులో నేను అద్దెకు దిగిన ఇంటి కింది వాటాలో ఉండేది. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా ఊరుకోదు, "ఎవర్ని అడిగి రాసినవ్, నేనేమన్న దస్కత్ పెట్టిన్నా?" అని నిలదీస్తుంది. దస్కత్ అంటే సంతకం. ఊళ్లో మిగతా పెద్దవాళ్లు మనిషి కనబడగానే తిన్నవా అని అడిగితే, ఈమె మాత్రం, "యాడ్నన్న దస్కత్ పెట్టినవా?" అని అడిగేది. పెట్టలేదంటే మొహం వెలిగిపోయేది.

మాది కోనసీమ వైపు. ఇక్కడ ఉద్యోగం దొరికి, మా ఆవిడనీ చంటిపిల్లనీ తీసుకుని వచ్చిన కొత్తలో ఆమెను ఆంటీ అని పిలిచాను. బట్టల దుకాణంలో పిలిచినట్టు పిలుస్తున్నవేంది, పెద్దమ్మ అను అని ఆ క్షణమే దిద్దింది. ఆఫీసులో చూపించడానికి అద్దె అగ్రిమెంటు కావాలని, నెట్‌ సెంటరులో ఇంగ్లీషులో టైపు చేయించిన కాగితం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. చివరి పేజీ తిప్పి, ఇక్కడ ఒక సంతకం పెట్టండి చాలు అన్నాను. అంతే, నా వంక జేబుదొంగను చూసినట్టు చూసింది. మొదటి అక్షరం నుంచి తెలుగులో చెప్పమని కూర్చుంది. నేను వాక్యం చదివి అర్థం చెప్పడం, ఆమె జొన్నరొట్టె చరుస్తూ దానికి అడ్డుప్రశ్న వేయడం. ఇంటి యజమాని కోరిన వెంటనే అద్దెదారు ఇల్లు ఖాళీ చేయాలి అనే చోటికి వచ్చేసరికి చరుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"గిది తీసెయ్యి" అంది.

అది మీకు లాభమేనండీ, ఓనరుకు మంచిదనే టైపు చేసినవాడు పెట్టాడు అన్నాను.

"నాకు కోపమొచ్చి పొమ్మంటే పసిపిల్లనేసుకొని నువ్వు పోతవా? నోటితోని పొమ్మంటే ఎవ్వరు పోవద్దు. తీసెయ్యి బిడ్డా."

కొట్టేయించి, పక్కన నా చేత పొట్టి సంతకం పెట్టించి, అప్పుడు తను పెట్టింది. సంతకం పెట్టడానికి పెద్ద తతంగం. చేతులు కడుక్కుని, నా కళ్లజోడు అడిగి పెట్టుకుని, నాలుక కొస పళ్ల మధ్య పట్టుకుని ఒక్కో అక్షరం దింపేది. ఆ కళ్లజోడు ఆమె చూపుకు పనికొస్తుందా లేదా అని ఏనాడూ ఆలోచించినట్టు లేదు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడికీ ఈ తిప్పలు తప్పేవి కావు. ఆ వీధికి పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఆమె పార్సిలు మా ఆవిడకు ఇచ్చేసి దౌడు తీసేవాళ్లు.

ఇంకో సంగతి ఆమె నీలం కోటు. ముంబై హైవే మీద ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షనులో చాలాకాలం పనిచేసి రిటైరైంది. అప్పుడిచ్చిన కోటును చీర మీద తొడుక్కుని తిరిగేది. మిరపకాయలు ఎండబెట్టినా అదే కోటు, కందులు బాగుచేసినా అదే కోటు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, హైవే వైపు నుంచి సైరన్ వినబడగానే, "సెకండ్ షిఫ్టు ఎక్కిన్రు" అనేది. ఎవరికి చెబుతోందో తెలియదు. రిటైరైంది ఒంటికే గాని మనసుకు కాదు.

ఆ ఉద్యోగం ఆమెకు ఒకసారి పోయి వచ్చిందని నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, అదీ రొట్టెలు కాల్చేటప్పుడే. పెనం వేడెక్కితేనే ఆమెకు పాత సంగతులు గుర్తొచ్చేవి. ఆమెది ఝరాసంగం దగ్గర పల్లె. రెండో షిఫ్టు దిగిన ఆడవాళ్లకు ఆ వేళలో ఆటోలు ఉండేవి కావు, మమ్మల్ని ఇళ్ల దగ్గర దింపడానికి బండి పెట్టండి అని నలుగురి తరఫున అడిగింది. అడిగిన వారానికే సూపర్‌వైజరు వచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. అంతే, ఒక్క మాట. ఆమె మరునాడు షిఫ్టు వేళకు రొట్టెలు కట్టుకుని, నీలం కోటు తొడుక్కుని గేటు దగ్గరికి వెళ్లింది. లోపలికి రానివ్వలేదు. షిఫ్టు అయిందాకా గేటు పక్కనే కూర్చుని వచ్చింది. ఆ మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. వాచ్‌మన్‌ది కర్ణాటక. అతను కన్నడంలో తిట్టేవాడు, ఈమె తెలుగులో బదులు చెప్పేది. మధ్యాహ్నం డబ్బా విప్పి, తినేముందు అతనికి ఒక రొట్టె, ఇంత తొక్కు పచ్చడి పెట్టేది. కొన్నాళ్లకు అతను తిట్టడం మానేసి, నీడలో కూర్చొమ్మని బల్ల జరిపాడు.

కేసు హైదరాబాదులో లేబర్ కోర్టుకు పోయింది. మేము తీసెయ్యలేదు, ఆమే పని మానేసి వెళ్లిపోయింది అని కంపెనీ చెప్పింది. సాక్ష్యానికి ఆ వాచ్‌మన్‌నే తెచ్చారు. వాళ్ల జీతం తినే మనిషి కాబట్టి వాళ్ల మాటే చెబుతాడనుకున్నారు. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ రొట్టె తిరగెయ్యడం కూడా మరిచిపోయేది. అతను బోనెక్కి, జడ్జిగారి వంక చూసి, మధ్యలో ఈమె వంక చూసి, రోజూ వచ్చేది సార్, నాకు రొట్టె కూడా పెట్టేది అన్నాడట. "రొట్టె తిన్న నోటితోని అబద్ధం ఎట్లొస్తది బిడ్డా" అని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. ఏళ్లు పట్టినా ఆమె తిరిగి అదే గేటులోంచి పనిలోకి పోయింది. బండి కూడా పెట్టారు.

ఇదంతా నేను కథ విన్నట్టు విని ఆనందించేవాణ్ని. మా బోటి స్టాఫుకు ఇలాంటివి జరగవని నా ధీమా. నా విజిటింగ్ కార్డు మీద క్వాలిటీ ఎగ్జిక్యూటివ్ అని ఉండేది. దాన్ని మా ఊళ్లో మేనమామలందరికీ పంచి వచ్చాను కూడా.

రెండేళ్ల కిందట మా సెక్షనుకు కొలతలు తీసే కొత్త యంత్రం వచ్చింది. నేను పూటంతా తీసే కొలతలను అది టీ తాగివచ్చేలోగా తీసేది. నాకే ముచ్చటేసింది, పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను. తర్వాత హెచ్.ఆర్. గదిలోకి పిలిచారు. టైపు చేసి సిద్ధంగా ఉన్న రాజీనామా ముందుకు జరిపి, మీ మంచి కోసమే చెబుతున్నాం, తీసేశారనే మచ్చ లేకుండా గౌరవంగా వెళ్లండి, రేపు సంతకం చేసి ఇవ్వండి అన్నారు. వాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడారంటే, నేను థాంక్స్ చెప్పి వచ్చాను. మా వైపు వాళ్లకు ఇదొక జబ్బు. ఎవరైనా గౌరవం అనే మాట వాడితే చాలు, మెడ ఖాళీగా ఉంది, దండ వేయించుకుందామని వంచేస్తాం. సంతకం పెట్టేద్దామని ఇంటికి వచ్చేసరికే నిశ్చయించుకున్నాను. మా ఆవిడ ఏడ్చింది. పిల్లను ఎత్తుకుని, ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పడానికి కిందికి దిగాను.

పెద్దమ్మ అంతా విన్నది. ఆమె అడిగింది ఒక్కటే, దస్కత్ పెట్టినవా అని. ఇంకా లేదన్నాను. హమ్మయ్య అని గుండెల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"నీ అంతల నువ్వు పోతున్న అని రాసిస్తే ఇగ ఎవడేం జేస్తడు? ఆల్లు తీసేస్తుంటే ఆల్లనే రాయమను. నోటితోని పొమ్మంటే పోతమా? కాయిదం ఇయ్యమను."

కాగితం ఇస్తే పరువు పోతుంది కదా పెద్దమ్మా అన్నాను.

"కాయిదముంటె దాని మీద కొట్లాడొచ్చు బిడ్డా. మాట మీద ఎట్ల కొట్లాడుతవ్? ఆడు అనలేదంటడు, అయిపాయె. పరువును ఏం జేస్తవ్, పొయ్యిల పెడితే పాలు కాగుతయా?"

మరునాడు సంతకం పెట్టనని చెప్పాను. కూర్చోమన్నా కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని చెప్పాను. మర్యాద ఆ క్షణంలోనే మాయమైంది. రేపటి నుంచి రానక్కర్లేదు, గేటులో చెబుతాం అన్నారు. కాగితం ఇవ్వండి అంటే నవ్వారు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే పెద్దమ్మ నీలం కోటు తొడుక్కుని, చేతిలో డబ్బాతో అరుగు మీద తయారుగా ఉంది. ఇద్దరం షేరింగ్ ఆటోలో చిరాగ్‌పల్లి వైపు మా గేటుకు వెళ్లాం. లోపలికి పోయే ప్రతి బస్సులోంచీ నాతో పనిచేసేవాళ్లు చూస్తున్నారు. అంత సిగ్గు జన్మలో పడలేదు. యూనిఫాం వేసుకుని, గేటు బయట, పక్కన ఒక ముసలావిడను పెట్టుకుని నిలబడ్డ క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌ను ఊహించుకోండి. పెద్దమ్మ మాత్రం గార్డుకు రొట్టె పెట్టడంలో మునిగిపోయింది. ఆ కుర్రాడు మొహమాటపడుతూ తిన్నాడు. మర్నాడు చూస్తే వేరే గార్డు. ఇంకో రెండు రోజులకు ఇంకొకడు. ఏజెన్సీ వాళ్లు మనుషులను తిప్పుతూనే ఉంటారు. ఆమె మొదటిసారి దిగులు పడింది.

"ఎవ్వడు నిలుస్తలేడు. ఎవనికని పెట్టాలె రొట్టె? రేపు సాక్ష్యం చెప్పేటోడెవడు?"

అప్పుడు నేను గేటు మీది కెమెరాను చూపించాను, అన్నీ అదే చూస్తుందిలే పెద్దమ్మా అని, ఏదో ఊరడించడానికి. ఆమె తల వెనక్కి వాల్చి దాన్ని చాలాసేపు పరికించింది. రికార్డవుతదా అని అడిగింది. అవుతుందన్నాను. ఇంకేముంది, డబ్బా మూత తీసి, రొట్టె కనబడేలా రెండు చేతులతో కెమెరా వైపు ఎత్తి పట్టింది. నా డబ్బా నన్నూ ఎత్తమంది. ఆ రోజు నుంచీ గేటు దగ్గరికి రాగానే మొదటి పని అదే, ఇద్దరం డబ్బాలు పైకెత్తడం. గార్డులు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు నాకూ నవ్వొచ్చేది, నవ్వుతోపాటే సిగ్గు కూడా పోయింది. అది ఎప్పుడు పోయిందో గమనించుకోలేదు.

ఆమెకు చట్టం తెలుసనుకోకండి. సెక్షన్ల నెంబర్లన్నీ తారుమారుగా చెప్పేది. తెలియనిచోట తెలియదని ఒప్పుకుని, తన కేసు చూసిన వకీలు దగ్గరికే తీసుకెళ్లింది. ఆయన గేటుకు రోజూ వెళ్లడం మంచిదే గాని అది చాలదని చెప్పి, పనికి సిద్ధంగా ఉన్నాను, రానివ్వడం లేదు అని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టు పంపించారు, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించారు. ముందు అక్కడ రాజీకి పిలుస్తారు, కుదరకపోతే లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు, ఆలస్యం మాత్రం చేయకూడదు అన్నారు. తర్వాత అసలు చిక్కు చెప్పారు. ఈ చట్టం కార్మికులకే గాని మేనేజర్లకు వర్తించదు, మీరు ఎగ్జిక్యూటివ్ కాబట్టి కార్మికుడు కాదని వాళ్లు వాదిస్తారు. మీ కింద ఎవరైనా పనిచేస్తారా అని అడిగారు. లేరన్నాను. ఎవరికైనా లీవు ఇవ్వగలరా, ఎవరినైనా పనిలోంచి తీయగలరా అన్నారు. నా లీవే నాకు దొరకదండీ అన్నాను. మరి రోజంతా ఏం చేస్తారు అన్నారు. విజిటింగ్ కార్డు కోసం జేబులోకి పోయిన చెయ్యి ఖాళీగానే వెనక్కి వచ్చింది. చివరికి, గేజు పట్టుకుని పార్టులు కొలుస్తానండీ అన్నాను. అయితే బతికిపోయారు, పేరు ఏదైనా చేసే పనే ముఖ్యం, మీరు కార్మికుడే అన్నారు వకీలుగారు.

పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీలో ఊగిపోతూ, కోటు కొసతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మా లెక్కల కలిసినవ్ బిడ్డా" అని నా వీపు మీద చరిచింది. నాకు మొదట ఉక్రోషం వచ్చింది. బయటికొచ్చి టీ తాగుతుంటే మాత్రం, ఆ చరుపు ఎవరో లోపలికి రమ్మని పిలిచినంత వెచ్చగా అనిపించింది. విజిటింగ్ కార్డుల వెనక మా ఆవిడ ఇప్పుడు పాల లెక్కలు రాస్తోంది.

లేబర్ ఆఫీసులో కంపెనీ తరఫు మనిషి పాత పాటే పాడాడు, తనంతట తనే రావడం మానేశాడని. ఆఫీసరు నా వంక చూశారు. రోజూ వెళ్లానండీ, వాళ్ల గేటు కెమెరానే చూసుకోమనండి అన్నాను. అయితే ఆ రికార్డు తీసుకురండి అని ఆఫీసరు వాళ్లకు చెప్పి, ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీకి వాళ్ల గొంతు మారిపోయింది. నోటీసు లేదు, కారణం రాసిచ్చింది లేదు, ఇది కోర్టుకు పోతే మీకే ఇబ్బంది అని ఆఫీసరు వాళ్లకు నచ్చజెప్పారు. నన్ను వెనక్కి తీసుకుంటామని, మధ్యలోని రోజులు కూడా డ్యూటీగానే చూస్తామని ఒప్పుకున్నారు. అందరికీ ఇంత సులువుగా తేలదని వకీలుగారు తర్వాత చెప్పారు, అదీ నిజమే. మెట్లు దిగుతుంటే కంపెనీ మనిషి నన్ను పక్కకు పిలిచి, ఆ రికార్డులో రోజూ కెమెరాకు రొట్టెలు చూపిస్తోంది, ఎవరండీ ఆ నీలం కోటు ముసలావిడ అని అడిగాడు. మా పెద్దమ్మ అని చెప్పాను.

ఇంటికి వచ్చి చెబితే ఆమె సంబరపడలేదు. ఒప్పుకున్నది కాయిదం మీద ఉన్నదా అని అడిగింది. ఉందని చూపించాను. నా కళ్లజోడు పెట్టుకుని, తిరగేసి మరగేసి చూసి, అప్పుడు పొయ్యి మీద పాయసానికి పాలు పెట్టింది.

మొన్నటి ఎండాకాలం ఆమెకు ఊపిరి తీసుకోవడం కష్టమైంది. దవాఖానలో చేర్చారు. కూతురు ఒక్కతే, ఇదే ఊళ్లో టైలరింగ్ చేస్తుంది. షిఫ్టు దిగి నేను వెళ్లేసరికి, డాక్టరు మెల్లగా, ఇంక ఇంటికి తీసుకెళ్లండమ్మా అని ఆ అమ్మాయికి చెబుతున్నాడు. ఆ మాటకు అర్థం మాకిద్దరికీ తెలిసింది. పెద్దమ్మ కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోతోందనుకున్నాం. చెయ్యి కదిపి నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను.

"ఏమంటున్నడు, పొమ్మంటున్నడా?"

ఇంటికి వెళ్లొచ్చు అంటున్నాడు పెద్దమ్మా అన్నాను.

"నోటితోని పొమ్మంటే పోనని చెప్పు. కాయిదం ఇయ్యమను."

డాక్టరు కూడా నవ్వాడు. మేమూ నవ్వాం. నవ్వుతూనే ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంటికి తెచ్చిన తర్వాత పెద్దమ్మ ఎక్కువ రోజులు లేదు. ఒక సాయంత్రం, సెకండ్ షిఫ్టు సైరన్ మోగినప్పుడు ఆమె ఏమీ అనలేదు. మాకు అప్పుడు తెలిసింది.

గార్డు నన్ను అడిగిన రోజే, షిఫ్టు దిగాక, ఆమె కూతురు రమ్మంటే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. మరణ ధ్రువపత్రం ఆ రోజు ఇస్తామన్నారు. క్లర్కు రిజిస్టరు తిప్పి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అన్నాడు. ఆ అమ్మాయి పెన్ను తీసుకుని పెట్టబోయి ఆగింది. ఇందులో ఏం రాసి ఉందో చదివి చెప్పండి సార్ అంది. వెనక లైనులో వాళ్లు విసుక్కున్నారు. క్లర్కు మొదటి నుంచి చివరిదాకా చదివాడు, తల్లి పేరు, ఊరు, వయసు, పోయిన రోజు. అంతా విని సంతకం పెట్టింది. అప్పుడు ఆయన ముద్ర వేసిన కాగితం చేతికిచ్చాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఆ అమ్మాయి కాగితాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, నా వైపు పట్టింది.

"కాయిదమైతే ఇచ్చిన్రన్నా. ఇగ దీని మీద కొట్లాడేటామె యాడుంది?"